శుక్లం తీశాక కూడా చూపు మసకేనా?



శుక్లాల ఆపరేషన్ గురించి తెలియని ఇల్లు ఇవాళ మన తెలుగునాట దాదాపు లేదు. అమ్మమ్మకో, తాతయ్యకో, పెద్దనాన్నకో ఆ ఆపరేషన్ అయ్యే ఉంటుంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. మర్నాడు కట్టు విప్పగానే గోడమీద క్యాలెండరు కనిపిస్తుంది, మనవడి ముఖం కనిపిస్తుంది. ఇంటిల్లిపాదికీ సంతోషం.

అయితే నెల గడిచాక కొందరు మళ్ళీ ఆసుపత్రికి వచ్చి ఇలా అంటారు: "వెలుతురు బాగా వచ్చిందండీ. రంగులూ బాగా తెలుస్తున్నాయి. కానీ బస్సు బోర్డు మీద అక్షరాలు ఇంకా అలుక్కుపోయినట్టే ఉన్నాయి. ఒక్కో అక్షరం పక్కన ఇంకో నీడ కనిపిస్తోంది. రాత్రిపూట లారీ లైట్లు గీతల్లా సాగిపోతున్నాయి." పరీక్ష చేసి చూస్తే శుక్లం శుభ్రంగా తీసి ఉంటుంది. లోపల పెట్టిన లెన్సు ఉండవలసిన చోటే ఉంటుంది. కంటి నరం, రెటీనా బాగుంటాయి. తేడా కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర వంపులో ఉంటుంది. ఈ లోపాన్ని డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్ళజోడు చీటీ మీద 'సిలిండర్' అని రాసే నంబరు దీనిదే.

ఈ వంపు తేడాను శుక్లాల ఆపరేషన్‌లోనే, అదే బల్లమీద, అదే పూట చాలావరకు సరిచేయవచ్చు. దానికి ప్రతిసారీ ఖరీదైన లెన్సు అక్కర్లేదు. ప్రతిసారీ తప్పక కావలసినవి రెండు: ఆపరేషన్‌కు ముందు సరైన కొలత, ఆ కొలతను చూసి తీసుకున్న నిర్ణయం. ఈ పూట నేను మీకు చెప్పదలచుకున్నది ఈ సంగతే.

ముందుగా కన్ను ఎలా చూస్తుందో క్లుప్తంగా చెప్పుకుందాం. బయటి వెలుతురును వంచి రెటీనా మీద ఒకచోట చేర్చే భాగాలు కంట్లో రెండున్నాయి. మొదటిది కార్నియా, అంటే కంటికి అన్నిటికన్నా ముందుండే పారదర్శక పొర. దాని వెడల్పు 12 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, నడిమధ్యన మందం దాదాపు అర మిల్లీమీటరు. రెండోది కంటిపాప వెనక ఉండే సహజ కటకం. ఈ కటకం మసకబారడాన్నే శుక్లం అంటాం. కంటికున్న మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు అనుకుంటే, అందులో 43 దాకా కార్నియాదే. అంటే చూపులో పెద్ద వాటా ఆ అర మిల్లీమీటరు పొరదే. దాని వంపులో చిన్న తేడా వచ్చినా చూపు మీద ఆ ప్రభావం గట్టిగానే పడుతుంది.

కార్నియా అన్ని వైపులా ఒకే వంపుతో ఉంటే, ఎదురుగా ఉన్న చుక్క రెటీనా మీద కూడా చుక్కగానే పడుతుంది. చాలామందిలో అలా ఉండదు. వంటింట్లో ఒక చెంచా తీసుకుని దాని వీపు మీద వేలు పెట్టి చూడండి. నిలువునా రాస్తే వంపు తక్కువ, అడ్డంగా రాస్తే వంపు ఎక్కువ. ఆస్టిగ్మాటిజం ఉన్న కార్నియా కూడా అంతే. ఒక దిక్కులో వంపు ఎక్కువ, దానికి అడ్డంగా ఉండే దిక్కులో తక్కువ. అందువల్ల ఒక దిక్కు నుంచి వచ్చిన వెలుతురు ఒకచోట, ఇంకో దిక్కు నుంచి వచ్చిన వెలుతురు ఇంకోచోట చేరుతుంది. చుక్క చుక్కగా పడదు, సాగి గీతవుతుంది. అక్షరాలు అలుక్కుపోవడానికి, దీపాలు సాగడానికి ఇదే కారణం.

ఈ లోపాన్ని తన కంట్లో తానే కనిపెట్టి, దానికి మందు కూడా తానే ఆలోచించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ బిడెల్ ఎయిరీ. చదివేటప్పుడు తన ఎడమ కన్ను సరిగా పనిచేయడం లేదని ఆయన గమనించాడు. ఒక అట్టముక్కకు సన్నని రంధ్రం చేసి, దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కంటికి దగ్గరగా, దూరంగా జరుపుతూ చూశాడు. ఆ వెలుగు చుక్క ఒక దూరంలో ఒక దిక్కుకు గీతలా, మరో దూరంలో దానికి అడ్డంగా ఇంకో గీతలా కనిపించింది. ఆ రెండు దూరాలనూ కొలిచి, లెక్క కట్టి, ఒక దిక్కులో మాత్రమే శక్తి ఉండే సిలిండర్ అద్దం కావాలని తేల్చాడు. ఇప్స్‌విచ్ పట్టణంలోని ఒక అద్దాల పనివాడి చేత దాన్ని చేయించుకుని పెట్టుకున్నాడు. 1825లో ఆ సంగతిని కేంబ్రిడ్జ్‌లో పండితుల ముందు చదివాడు. అంతకు ముందే, 1801లో, థామస్ యంగ్ ఈ లోపాన్ని తన కంట్లోనే కొలిచి వివరించాడు. అయితే దాన్ని సిలిండర్ అద్దంతో సరిచేసుకున్న ఘనత ఎయిరీదే. మన కళ్ళజోడు చీటీ మీద ఉండే సిలిండర్ నంబరుకు మూలం అదే. ముందు కొలత, ఆ తర్వాతే చికిత్స. ఆయన పనిలో ఉన్న ఈ వరస ఇవాళ్టి ఆపరేషన్ థియేటర్‌కు కూడా వర్తిస్తుంది.

శుక్లాల ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళలో ఈ తేడా ఎంతమందికి ఉంటుంది? వేలాది కళ్ళను కొలిచి చూసిన అధ్యయనాలున్నాయి. నూటికి 30 నుంచి 40 కళ్ళలో ఒక డయాప్టర్‌కు మించిన తేడా కనిపిస్తుంది. 3 డయాప్టర్లు దాటే తేడా మాత్రం నూటికి రెండు మూడు కళ్ళలోనే ఉంటుంది. అర డయాప్టర్ తేడా మిగిలితే చూపుకు పెద్ద నష్టం లేదు. ఒకటి దాటిందంటే అక్షరాల అంచులు చెదరడం తెలుస్తుంది. రెండు మిగిలితే కళ్ళజోడు లేకుండా కంటి పరీక్ష బోర్డు మీద కింది వరసలు చదవడం చాలామందికి కష్టం.

శుక్లం ముదిరినప్పుడు మసకంతా శుక్లానిదే అనిపిస్తుంది. కార్నియా వంపు వల్ల వచ్చే తేడా ఆ మసక చాటున దాగి ఉంటుంది. శుక్లం తీసేయగానే అది బయటపడుతుంది. ఆపరేషన్ తర్వాత కొత్తగా వచ్చిందనుకుని చాలామంది డాక్టరును తప్పుపడతారు. కొందరిలో అది పుట్టుకతో ఉన్నదే. కొందరిలో వయసుతో మారినది. మరికొందరిలో ఆపరేషన్ కోత వల్ల పెరిగినది. ఈ మూడింటిలో ఏది ఎంత అన్నది ముందు కొలిచి ఉంటేనే చెప్పగలం.

వయసుతో మారడం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. పడుచు వయసులో కార్నియాకు సాధారణంగా నిలువు దిక్కులో వంపు ఎక్కువగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నిలువు వంపు తగ్గుతూ, అడ్డం దిక్కులో వంపు పెరుగుతూ వస్తుంది. అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళలో అడ్డం వంపు ఎక్కువగా ఉన్న కళ్ళే మనకు ఎక్కువ కనిపిస్తాయి. శుక్లాల ఆపరేషన్‌కు వచ్చేదీ ఆ వయసువాళ్ళే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కోత దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఇక కోత సంగతికి వద్దాం. కంటి మీద పెట్టే ప్రతి కోతా కార్నియా వంపును ఎంతో కొంత మారుస్తుంది. కోత ఏ దిక్కులో పడితే ఆ దిక్కులో కార్నియా కొంచెం చదునవుతుంది. దానికి అడ్డంగా ఉన్న దిక్కులో వంపు ఆ మేరకు పెరుగుతుంది. కోత ఎంత పెద్దదైతే మార్పు అంత ఎక్కువ. వెనకటి ఆపరేషన్లలో శుక్లాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీసేవారు. అందుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల కోత పెట్టి, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో కుట్లు వేసేవారు. కుట్టు బిగుసుకుంటే ఆ దిక్కులో వంపు పెరిగేది, వదులైతే తగ్గేది. కొన్ని వారాల తర్వాత ఏ కుట్టు తీయాలో కొలిచి చూసి తీసేవారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చేసే ఫేకో పద్ధతిని తెచ్చాడు. మడిచి పెట్టగలిగే లెన్సులు వచ్చాక కోత 3 మిల్లీమీటర్లకు, ఇవాళ 2.2 మిల్లీమీటర్ల దాకా తగ్గింది. ఇంత చిన్న కోత కార్నియా వంపును మార్చేది చాలా స్వల్పం.

మన దేశంలో ఇంకో పద్ధతి విస్తారంగా నడుస్తోంది. కంటి తెల్లగుడ్డులో 6, 7 మిల్లీమీటర్ల సొరంగంలా కోత పెట్టి, కుట్లు లేకుండా శుక్లాన్ని తీసే పద్ధతి. దాన్ని ఎస్‌ఐసీఎస్ అంటారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, బాగా ముదిరిన శుక్లానికి కూడా పనికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, శిబిరాల ద్వారా వచ్చిన పేదవాళ్ళకు చాలావరకు ఈ పద్ధతిలోనే చూపు వస్తోంది. దీన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్, అమెరికాకు చెందిన డాక్టర్ డేవిడ్ చాంగ్ కలిసి ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించారు. 6 నెలల తర్వాత కళ్ళజోడు లేకుండా బాగా చూడగలిగిన వాళ్ళు ఫేకోలో నూటికి 85, ఎస్‌ఐసీఎస్‌లో నూటికి 89. అంటే రెండూ సరిసమానంగానే నిలిచాయి. రూయిత్ గారి పద్ధతిలో ప్రత్యేకత, కోతను కంటి పైభాగాన పెట్టకుండా చెవి వైపు, కణత దిక్కున పెట్టడం.

దాని ప్రయోజనం ఒక ఉదాహరణతో చూద్దాం. డెబ్బై ఏళ్ళ రైతు ఒకాయన ఆపరేషన్‌కు వచ్చాడనుకుందాం. కార్నియా కొలిస్తే నిలువు దిక్కులో 43 డయాప్టర్లు, అడ్డం దిక్కులో 44.5 డయాప్టర్లు వచ్చాయి. తేడా ఒకటిన్నర. డాక్టరు అలవాటు కొద్దీ కంటి పైభాగాన, అంటే గడియారంలో 12 గంటలుండే చోట, పెద్ద కోత పెట్టారనుకోండి. అప్పటికే చదునుగా ఉన్న నిలువు దిక్కు ఇంకా చదునవుతుంది. అప్పటికే ఎక్కువగా ఉన్న అడ్డం వంపు ఇంకా పెరుగుతుంది. ఒకటిన్నర ఉన్న తేడా రెండున్నర దాకా పోవచ్చు. అదే కోతను కణత వైపు పెట్టారనుకోండి. ఎక్కువ వంపు ఉన్న దిక్కే చదునవుతుంది. ఒకటిన్నర ఉన్న తేడా ఒకటికో, ముప్పాతికకో దిగుతుంది. డాక్టరు అదే, లెన్సు అదే, ఖర్చు అదే. డాక్టరు తల వైపు నుంచి లేచి, కుర్చీనీ మైక్రోస్కోపునూ పక్కకు జరుపుకుని కూర్చోవడం ఒక్కటే తేడా. దానివల్ల ఆ రైతుకు చూపు బోర్డు మీద రెండు వరసలు మెరుగుపడవచ్చు. పక్క నుంచి చేయడానికి సాధన కావాలి. చేతులకు ఆ అలవాటు రావడానికి కొంతకాలం పడుతుంది. అయినా శిక్షణ పొందే ప్రతి యువ డాక్టరూ రెండు వైపుల నుంచీ చేయడం నేర్చుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

వంపును తగ్గించడానికి కావాలని పెట్టే కోతలు కూడా ఉన్నాయి. ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1885లోనే నార్వే డాక్టరు హ్యాల్మార్ షియోట్జ్, శుక్లాల ఆపరేషన్ తర్వాత 19 డయాప్టర్లు దాటిన తేడా మిగిలిన రోగికి, ఎక్కువ వంపు ఉన్న దిక్కులో కోత పెట్టి దాన్ని చాలావరకు తగ్గించాడు. ఇప్పుడు కార్నియా అంచున, ఎక్కువ వంపు ఉన్న దిక్కులో, ఎదురెదురుగా రెండు చిన్న వంపు కోతలు పెడతారు. అవి కార్నియా మందమంతా దిగవు, లోతు ముందే లెక్కగట్టి పెడతారు. చేత్తోనూ పెట్టవచ్చు, ఫెమ్టోసెకండ్ లేజర్‌తోనూ పెట్టవచ్చు. ముప్పాతిక నుంచి ఒకటిన్నర డయాప్టర్ల లోపు తేడాకు ఇవి పనికొస్తాయి. కోత మానే తీరు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫలితం కొంచెం అటూ ఇటూ కావచ్చు.

తేడా అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు టోరిక్ లెన్సు వాడతారు. మామూలు లెన్సుకు అన్ని దిక్కుల్లోనూ శక్తి ఒకటే. టోరిక్ లెన్సుకు రెండు దిక్కుల్లో రెండు శక్తులు ఉంటాయి. కార్నియాలో ఎక్కువ వంపున్న దిక్కుకు లెన్సులో తక్కువ శక్తి ఉన్న దిక్కును జతచేస్తే రెండూ సరిపోతాయి. జపాన్ డాక్టరు కిమియా షిమిజు, ఆయన సహచరులు 1994లో ఇలాంటి లెన్సుల ఫలితాలను ప్రచురించారు. వంపు తేడా తగ్గింది, కానీ చాలా కళ్ళలో లెన్సు పెట్టిన చోట నిలవకుండా తిరిగిపోయింది. అక్కడి నుంచి లెన్సు తయారీలో పట్టుదలగా జరిగిన పని అంతా దాన్ని కదలకుండా నిలబెట్టడం మీదే. 1998లో అమెరికా ప్రభుత్వ సంస్థ మొదటి టోరిక్ లెన్సుకు అనుమతి ఇచ్చింది. ఇవాళ వాడుతున్న లెన్సులు వెనకటి వాటికన్నా ఎంతో స్థిరంగా ఉంటాయి.

లెన్సు తిరిగితే ఇంత కంగారెందుకు అంటారేమో. లెక్క చాలా కచ్చితమైనది. లెన్సు ఉండవలసిన దిక్కు నుంచి ఒక డిగ్రీ జరిగితే, సరిచేసే శక్తిలో నూటికి 3.3 వంతులు పోతాయి. 10 డిగ్రీలు జరిగితే మూడో వంతు పోతుంది. 30 డిగ్రీలు జరిగితే టోరిక్ లెన్సు పెట్టిన ప్రయోజనం మొత్తం పోయినట్టే. అంతకు మించి జరిగితే లోపం తగ్గడానికి బదులు పెరుగుతుంది.

అందుకే ఈ ఆపరేషన్‌లో అసలైన పని, మనిషి బల్ల మీద పడుకోకముందే మొదలవుతుంది. మనం కూర్చున్నప్పుడు ఉన్నట్టు, పడుకున్నప్పుడు మన కన్ను ఉండదు. వెల్లకిలా పడుకోగానే కనుగుడ్డు తన స్థానంలోనే కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. చాలామందిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు, కొందరిలో 10 డిగ్రీలకు పైగా. కాబట్టి రోగిని తిన్నగా కూర్చోబెడతారు. తల అటూ ఇటూ వాలకుండా చూస్తారు. కంట్లో మత్తు చుక్క వేసి, దూరంగా ఉన్న ఒక గురుతును చూడమంటారు. అప్పుడు కార్నియా అంచున, గడియారంలో 3 గంటల చోట, 9 గంటల చోట సిరాతో సన్నని గుర్తులు పెడతారు. నొప్పి ఉండదు, చల్లగా తగిలినట్టు మాత్రం ఉంటుంది. ఆ రెండు గుర్తులే తర్వాతి పనికంతటికీ ఆధారం.

థియేటర్‌లో రోగి పడుకున్నాక, డిగ్రీలు చెక్కిన ఒక ఉంగరాన్ని కంటి చుట్టూ ఆనించి, ఆ సిరా గుర్తులతో సరిచూసుకుని, లెన్సు నిలవాల్సిన దిక్కును మరో రెండు గుర్తులతో సూచిస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో కంటి రక్తనాళాల ఫోటోను ముందే తీసి, మైక్రోస్కోపులోనే ఆ దిక్కును చూపించే కంప్యూటర్ పరికరాలు ఉన్నాయి. శుక్లాన్ని తీసేసిన తర్వాత మిగిలిన పలచని సంచిలోకి మడిచిన లెన్సును పంపుతారు. అది నెమ్మదిగా విప్పుకుంటుంది. లెన్సు అంచున రెండు వైపులా సన్నని చుక్కలు ఉంటాయి. డాక్టరు లెన్సును తిప్పుతూ, ఉండవలసిన చోటుకు 10, 15 డిగ్రీల ముందే ఆపుతారు. ఆపరేషన్ సమయంలో కంట్లో నింపిన జిగురు మందును లెన్సు వెనక నుంచి కూడా పూర్తిగా కడిగేస్తారు. అది ఏమాత్రం మిగిలినా లెన్సు జారి తిరిగే అవకాశం ఉంది. ఆ తర్వాత చివరి మలుపు తిప్పి, లెన్సు మీది చుక్కలు, కార్నియా మీది సిరా గుర్తులు ఒకే వరసలో పడేలా చేసి, లెన్సును సంచికి ఆనేలా మెల్లగా నొక్కుతారు. మైక్రోస్కోపులో ఆ చుక్కలు, ఆ సిరా గుర్తులు ఒకే గీత మీదకు వచ్చేదాకా డాక్టరు చెయ్యి తీయరు.

ఇంత జాగ్రత్తా ఎప్పుడు పనికొస్తుంది? మొదటి కొలత సరిగ్గా ఉన్నప్పుడు. కొలత తప్పితే తక్కిన పనంతా తప్పు దిక్కులో చాలా శ్రద్ధగా చేసినట్టవుతుంది. కొలతను తప్పుదారి పట్టించేవి కొన్ని ఉన్నాయి. మొదటిది కన్ను ఆరిపోవడం. కన్నీటి పొర సరిగా లేకపోతే యంత్రం చూపే అంకెలు నిమిషానికోలా ఉంటాయి. ముందు దానికి చుక్కల మందు వాడి, తర్వాత కొలవాలి. రెండోది కాంటాక్ట్ లెన్సు. అది కార్నియాను నొక్కి ఆకారాన్ని మారుస్తుంది. మెత్తటి లెన్సయితే కనీసం ఒక వారం, గట్టి లెన్సయితే మరికొన్ని వారాలు మానేసి కొలిపించుకోవాలి.

మూడోది మన ప్రాంతానికి ముఖ్యమైనది. ఎండలో, దుమ్ములో, ఉప్పుగాలిలో పనిచేసే రైతులకు, మత్స్యకారులకు, కూలీలకు కంటిలో కండ పెరగడం తరచుగా చూస్తాం. ముక్కు వైపు నుంచి ఎర్రటి కండ కార్నియా మీదకు పాకుతుంది. అది పాకిన మేర అడ్డం దిక్కులో కార్నియా చదునవుతుంది. పైకి చూస్తే నిలువు వంపు ఎక్కువ ఉన్నట్టు కొలత వస్తుంది. ఆ అంకెను నమ్మి లెన్సు వేసి, తర్వాత కండ తీస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది. కండ పెద్దదిగా ఉంటే ముందు దాన్ని తీయించుకుని, ఒకటి రెండు నెలలు ఆగి, అంకెలు నిలకడగా వస్తున్నాయని చూసుకుని, ఆ తర్వాత శుక్లం ఆపరేషన్‌కు వెళ్ళడం మంచిది. ఇంకాస్త ఆగమంటే, డాక్టరు వాయిదా వేస్తున్నారని విసుక్కోకండి.

ఇంకో విషయం, కార్నియాకు ముందు వంపే కాదు, వెనక వంపు కూడా ఉంది. చాలాకాలం దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2012లో అమెరికా డాక్టరు డగ్లస్ కోచ్ బృందం దాన్ని కొలిచి, వదిలేస్తే వచ్చే పొరపాటు ఏమిటో చూపించింది. ముందు వంపును మాత్రమే నమ్ముకుంటే నిలువు వంపు ఎక్కువున్న కళ్ళకు అవసరానికి మించి, అడ్డం వంపు ఎక్కువున్న కళ్ళకు అవసరానికి తక్కువగా సరిచేస్తాం. ఇప్పుడు లెన్సు లెక్కలు కట్టే సూత్రాలు ఈ వెనక వంపును కూడా కలుపుకుంటున్నాయి. మంచి కేంద్రాల్లో ఒక యంత్రం చూపిన అంకెను రెండో యంత్రంతో సరిచూసుకున్నాకే లెన్సు ఎంచుకుంటారు.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. టోరిక్ లెన్సు అందరికీ కావాలా? అక్కర్లేదు. తేడా ముప్పాతిక డయాప్టర్‌కు లోపల ఉంటే మామూలు లెన్సు చాలు. తేడా ఉన్నా టోరిక్ పనికిరాని కళ్ళు కూడా ఉన్నాయి. పాత పుండు మానిన మచ్చ, అంటే కంట్లో పువ్వు ఉన్నవాళ్ళలో వంపు ఒక పద్ధతిలో ఉండదు. కార్నియా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బు ఉన్నవాళ్ళలోనూ అంతే. దెబ్బల వల్లో, వయసు వల్లో కటకాన్ని పట్టి ఉంచే సన్నని పోగులు బలహీనమైన వాళ్ళలో లెన్సు నిలవదు. ఆపరేషన్‌లో సంచి చిరిగితే అప్పటికప్పుడు టోరిక్ ఆలోచన మానుకుని మామూలు లెన్సు వేయాల్సి రావచ్చు. రెటీనా బాగా దెబ్బతిన్న వాళ్ళకు ఖరీదైన లెన్సు వేసినా కలిగే మేలు తక్కువే.

ఇంకో అపోహ ఉంది. టోరిక్ లెన్సు వేయించుకుంటే కళ్ళజోడే అక్కర్లేదనుకుంటారు. మామూలు టోరిక్ లెన్సు దూరపు చూపును స్పష్టం చేస్తుంది. పేపరు చదవడానికి, బియ్యం ఏరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి దగ్గరి కళ్ళజోడు కావాల్సిందే. దూరం, దగ్గర రెండూ చూపే మల్టీఫోకల్ లెన్సు వేరు. దానిలోనూ టోరిక్ ఉంటుంది, ధర ఇంకా ఎక్కువ. డబ్బు కట్టే ముందు దేనికి కడుతున్నారో స్పష్టంగా అడిగి తెలుసుకోండి. కట్టలేని వాళ్ళు అప్పు చేసి మరీ టోరిక్ వేయించుకోవాలని నేను అనను. కోతను సరైన దిక్కులో పెట్టి, మిగిలిన తేడాను సిలిండర్ అద్దంతో సరిచేస్తే చాలా కళ్ళకు చూపు చక్కగా వస్తుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కానీ ఆ కళ్ళజోడు వాళ్ళకు నిజంగా అందాలి. ఇక్కడే మనం వెనకబడుతున్నాం. ఆపరేషన్ అయిన నెల, నెలన్నరకు గాయం మాని వంపు నిలకడ పడుతుంది. అప్పుడు పరీక్ష చేసి అద్దాలు రాయాలి. ఊరి నుంచి శిబిరం బస్సులో వచ్చి ఆపరేషన్ చేయించుకున్న పెద్దావిడ, ఆ పరీక్ష కోసం మళ్ళీ పట్నం రాలేక ఊరుకుంటుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇలాంటి కార్యక్రమం ఊళ్ళలోనే కళ్ళు పరీక్షించి అద్దాలు ఇవ్వడం సాధ్యమేనని చూపించాయి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకు ఈ చివరి పరీక్షను వాళ్ళ ఊరికే తీసుకెళ్ళాలి.

ప్రపంచ ఆరోగ్య సభ 2021లో ఒక లక్ష్యం పెట్టుకుంది. శుక్లాల ఆపరేషన్ అవసరమైన వాళ్ళలో ఎంతమందికి ఆపరేషన్ జరిగి, మంచి చూపు కూడా వచ్చింది అన్న లెక్కను 2030 నాటికి 30 శాతం పాయింట్లు పెంచాలన్నది ఆ లక్ష్యం. అక్కడ మంచి చూపు అంటే 6/12, లేదా అంతకన్నా మెరుగు. ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్క ఒక్కటే సరిపోదు, ఎందరికి చూపు వచ్చిందో కూడా లెక్కించమని దాని అర్థం. శిబిరాలు నడిపే పెద్దలకు, ఆసుపత్రుల అధికారులకు నా విన్నపం ఇదే. శిబిరంలో వచ్చిన రోగికి కూడా కార్నియా కొలవండి. ఆ అంకెలను కేసు షీటు మీద రాయండి. డాక్టరు కోత పెట్టే ముందు ఆ అంకెలు కళ్ళ ముందుండేలా చూడండి. లెన్సు శక్తి తేల్చడానికి ఎలాగూ ఆ కొలత తీస్తున్నారు. దాన్ని కోత విషయంలో కూడా వాడుకోవడానికి అదనంగా పైసా ఖర్చు లేదు.

ఆపరేషన్ అయ్యాక మీరు పాటించవలసినవి కొన్ని చెబుతాను. కన్ను నలపకండి. చుక్కల మందు చెప్పిన వేళకు వేయండి. మొదటి రోజు, మర్నాడు పరీక్షకు తప్పకుండా వెళ్ళండి, టోరిక్ లెన్సు తిరిగితే ఎక్కువగా ఆ మొదటి గంటల్లోనే తిరుగుతుంది. మొదట బాగా కనిపించి తర్వాత గీతలు, నీడలు కనిపిస్తే ఆగకండి. మొదటి ఒకటి రెండు వారాల్లో అయితే లెన్సును చిన్న ప్రక్రియతో మళ్ళీ సరైన దిక్కుకు తిప్పవచ్చు. నెలలు గడిస్తే సంచి లెన్సును పట్టేస్తుంది, అప్పుడు కష్టం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఆపరేషన్ తేదీ ఖాయమైతే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. కార్నియా వంపు తేడా ఎంత ఉంది? కోత ఏ వైపు పెడతారు? ఆపరేషన్ తర్వాత ఎంత తేడా మిగలవచ్చు? మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. ఒక కంటికి ఆపరేషన్ అయిందంటే ఆ కొలతల కాగితం, లెన్సు పెట్టె మీది స్టిక్కరు పారేయకండి, భద్రంగా దాచండి. రెండో కంటి ఆపరేషన్ లెక్కలకు అవి ఎంతో ఉపయోగపడతాయి.